సున్నాకి దగ్గరగా

నవంబరు ఫెర్రీలో హీయుమా దీవికి
నిచ్చెన మోసుకుని దిగేది నేనొక్కదాన్నే.
పేరు మారెత్. సిగ్నల్ అందని ఇళ్లకు వెళ్లి
ఎందుకు అందలేదో చూడటం నా పని.

ఫిర్యాదు కాల్యో రాశాడు:
"నా వంటింట్లో ఇంటర్నెట్ చచ్చిపోయింది."
దాని కిందే, అదే చిరునామా నుంచి ఎందెల్:
"మా వైపు బాగానే ఉంది. రానక్కర్లేదు."

ఒకటే ఇల్లు. అన్నదమ్ములకు సగం సగం.
నడుమ మూరెడు మందం సున్నపురాతి గోడ,
గోడలో తలుపు, తలుపుకి పదకొండు మేకులు.
పడవ ఎవరిదన్న తగువులో కొట్టినవట.
పడవ పుచ్చిపోయి పద్దెనిమిదేళ్లు.
మేకులకి ఇంకా సరిగ్గా తుప్పే పట్టలేదు.

బిల్లు చెరిసగం, రౌటర్ మాత్రం ఎందెల్ వైపు.
చూద్దును కదా,
టీవీ వెనక, నేలమీద,
చేపలకు పొగపెట్టే రేకు డబ్బాలో ఉంది!
"ఆ మిణుకులకి నాకు నిద్ర పట్టదు" అన్నాడు.
పక్కనే గాజుతొట్టి. నాలుగు బిందెల నీళ్లు, ఒక్క చేప.

రేకు కొట్టి వెనక్కి తోస్తుంది, నీళ్లు తాగేస్తాయి,
కింద పెడితే సగం మాట మట్టి పాలు అన్నాను.
చేప కూడా నోరు తెరిచి విన్నది.

గోడకి చెవులుంటాయంటారు.
ఈ గోడకి కడుపే ఉంది.

కాల్యో వంటింట్లో కొలిచాను: మైనస్ ఎనభై ఆరు.
"పెద్ద అంకే! మంచిదేగా?"
"కాదు. ఈ లెక్కలో సున్నాకి ఎంత దగ్గరైతే అంత మేలు."
కాసేపు ఆలోచించి
"అప్పులాగా" అన్నాడు.

గురువారం సాయంత్రాలు
తార్తులో ఉన్న ముగ్గురికి కన్నెల్ వాయించడం నేర్పుతాడు.
మూడో తీగ మీటేసరికి
తెరమీద ఆయన ముఖం ఆగిపోతుందట, కన్ను సగం మూసి.

రెండు వైపులా తిరిగి తిరిగి కొలిస్తే
మంచి చోటు ఒక్కటే తేలింది:
ఆ తలుపు, నెత్తికన్నా ఎత్తున.

"వాడికి చెప్పు, నా మేకులు ముట్టుకోవద్దని."
"వాడికి చెప్పు, అందులో ఆరు నావని."
గుమ్మం దిగి, మంచులో ఇల్లు చుట్టి
ఇటు మాట అటు, అటు మాట ఇటు.
రిపీటర్ కొనమని చెప్పాల్సిన దాన్ని
ఆ పూటకి రిపీటర్‌నయ్యాను.
మోసిన ప్రతిసారీ సగం తగ్గింది, వేగం కాదు, కోపం.

నాలుగో చుట్టులో ఎందెల్
బూటు లేసు కట్టుకుంటూ, తల ఎత్తకుండా
"గురువారానికి అవుతుందా?" అన్నాడు.
గురువారం సంగతి నేను చెప్పలేదు.

రెండు మేకులు పీకాం. పై పలక ఒక్కటి ఊడదీశాం.
ఆ సందులో, గూట్లో దీపంలా,
కొమ్ములు నిటారుగా నిలబెట్టి పెట్టాను.
వంటింట్లో మైనస్ యాభై మూడు.
తలుపు మొదట్లో మాత్రం కాస్త తక్కువే.
దీపం కింద చీకటి; దానికి నా దగ్గర మందు లేదు.

నిచ్చెన మడుస్తున్నాను.
పలక ఊడిన సందులోంచి
కాల్యో వైపు ఉల్లిపాయల వాసన ఇటు వచ్చింది.
మొదట తీపిగా, తర్వాత ఘాటుగా.
ఎందెల్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"మాడుతోంది" అన్నాడు, గోడతో.

జవాబు రాలేదు.
పెనం జరిపిన చప్పుడు వచ్చింది.