ఒక వాషరు మందం

సన్న చప్పుళ్లు నాకు వినపడక ఐదేండ్లాయ.
గాజుల గలగల, పిట్ట కూత, ఫోను మోత
ఒకదాని ఎనక ఒకటి చెప్పకుండానే పోయినాయి.
లావు చప్పుళ్లే మిగిలినాయి:
గేరుబాక్సు గొణుగుడు, డిఫరెన్షియల్ మూలుగు,
మా ఇంటామె తిట్లు.

అందుకే సుంకన్న తెల్లారుజామున
బేతంచెర్ల బండల లోడుతో వచ్చి
వెల్దుర్తి బైపాసు కాడ నా షెడ్డు ముందర బండి నిలిపి
"అరుస్తాంది మౌలాలన్నా, గొంతు కోసిన కోడి మాదిరి" అంటే
నేను బండి వైపు చూడలే.
వాని నోటి వైపు చూసినా.

వాడు చెప్పుకుంటా పోయినాడు.
పాణ్యం కాడ టీకొట్టు కుక్క
ఈ బండి వస్తే లేచి పరిగెత్తుతాదంట.
డోన్‌లో ఎవరో చెప్పినారని సబ్బు రుద్దినాడు.
నందికొట్కూరులో ఎవరో చెప్పినారని డబ్బా మందు కొట్టినాడు.
రెండు నెలల్లో రెండు బెల్టులు మార్చినాడు.
కొత్త బెల్టు మూడు దినాలు మౌనవ్రతం,
నాలుగోనాడు మళ్లా అదే ఏడుపు.

పెద్దస్వామిని పిలిచినా.
ఐటీఐ సగంలో వదిలేసిన పిల్లోడు,
వాని చెవులు ఇంకా కొత్తవి.
"కీచుమని సాగుతాందా, కిచకిచమని తెగుతాందా?"
వాడు కండ్లు మూసుకున్యాడు.
"పిచ్చుకలన్నా. ఒక్కో సుట్టుకు ఒక్కో పిచ్చుక."

సీసా మూతకు బెజ్జం పెట్టి
తిరిగే బెల్టు చాళ్ల మీద నీళ్లు చిమ్మమన్యా.
నీళ్లకు అరుపు పెరిగితే బెల్టు జారుతాందని లెక్క, బిగించుకోవల్ల.
నీళ్లకు అణిగి, తడారినాక మళ్లా లేస్తే
తప్పు బెల్టుది కాదు, అది నడిచే తోవది.
అణిగింది.
వేళ్ల మీద లెక్కబెట్టినాడు పెద్దస్వామి.
ఆరుకు మొకం చిట్లించినాడు.

ఇంజను ఆపి
పాలిషు ఫ్యాక్టరీలో కోయించుకున్న బండ బద్ద తెచ్చినా,
మూరెడు పొడుగు, వెంట్రుకంత వంకర లేంది.
కింది పుల్లీ మొకానికి ఆనించి
ఆల్టర్నేటరు పుల్లీ దాకా పట్టుకుంటే
సందు.
రూపాయి బిళ్ల పెట్టి చూసినా. దూరింది.
ఆడుకుంటా దూరింది.

ఉగాదికి ముందు ఆ ఆల్టర్నేటరు దించి ఎక్కించింది ఎవరు?
నేనే.
ఆ పొద్దు కరెంటు లేదు, రోజా ఉండా,
మసీదు కాడ సైరను మోగే టైము.
బోల్టులన్నీ బిగించినాక తట్టలో ఒక లావు వాషరు మిగిలింది.
మిగిలిందిలే అనుకొని డబ్బాలో ఏసినా.

ఆ పాలపిండి డబ్బా తెచ్చి నేల మీద కుమ్మరించినా.
ఎవరెవరి బండ్లవో నట్లు, క్లిప్పులు, తల తెగిన బోల్టులు.
అది దొరికింది.
గ్రీజు ఎండిపోయినా బోల్టు తల ముద్ర దాని మీద అట్లే ఉండాది.

సుంకన్న అరచేతిలో పెట్టినా.
ఏదో అన్నాడు, సన్నగా.
మళ్లా చెప్పమని అడగలే.

బ్రాకెట్టు ఎనక వాషరు దూర్చినా.
బండ బద్ద పెడితే రూపాయి కాదు గదా, కాగితం దూరలే.
అంచు పీచులు లేచిన బెల్టు తీసి కొత్తది తొడిగి,
రెండు బెల్టుల దుడ్లు వాని జోబులో పెడితే
ఒకదాని దుడ్లు ఎనక్కి ఇచ్చినాడు,
"సబ్బు రుద్దింది నేనే గదన్నా" అని.
ఈసారి గట్టిగానే అన్యాడు.

సెల్ఫు కొట్టినాడు.
నాకు ముందెంత నిశ్శబ్దమో ఇప్పుడూ అంతే.
పెద్దస్వామి నొసలు చూస్తా నిలబడినా.
ఆరు దాటింది. ఏడు. ఎనిమిది.
పదకొండుకు ముడత ఇప్పుకుంది.

అయినా మనసొప్పక
స్క్రూడ్రైవరు మొన ఆల్టర్నేటరు మీద ఆనించి
పిడి పండ్ల మధ్య కరిచిపట్టుకున్యా.
దవడ ఎముకలోకి వచ్చింది బేరింగు,
పక్కన ఎవరో జొన్నరొట్టె నములుతాన్నట్ల.
బాగుండాది.

బండి రోడ్డెక్కినాక
నేనూ పెద్దస్వామీ కింద కూర్చొని ఏరుకుంటా ఉండాం.
డబ్బాలో ఇంకా తొమ్మిది వాషర్లు.