పెట్టెల లెక్క

గుంటూరు వదిలి నేనెక్కడికీ పోలేదు.
బ్రాడీపేట నాలుగో లైన్లోంచి
కొరిటెపాడులో మూడో అంతస్తుకి మారానంతే,
ఆటోలో ఇరవై రూపాయల దూరం.
అయినా కెజియా నన్ను
పొరుగూరు పోయినవాళ్ళని అడిగినట్టు అడుగుతుంది,
"ఎప్పుడొస్తావే?"

మాకొక పందెం ఉండేది.
ట్యూటోరియల్లో పాఠాలు చెప్పి చెప్పి
గొంతు ఆరిపోయిన సాయంత్రాలు
శంకర్‌విలాస్ బ్రిడ్జి మీద ఆగి
కింద పోయే గూడ్సుకి పెట్టెలు లెక్కపెట్టేవాళ్ళం.
ఎప్పుడూ ఒకటి తేడా.
ఇంజన్ని కూడా కలిపేశావంటుంది అది.
గార్డు పెట్టె వదిలేశావంటాను నేను.
తగువు తెగేలోపు రెండు టీలు,
ఉల్లిపాయలు దండిగా వేయించుకుని
ఒక ప్లేటు బజ్జీ.

ఇప్పుడు నేను లెక్కపెట్టేవి వేరు.
ఇవాళ ఎన్నిసార్లు తాగాడు, ఎన్ని గుడ్డలు తడిపాడు,
డాక్టరుగారు రాసింది ఐదు చుక్కలా ఆరా,
కుక్కరు ఎన్నో కూతకి ఉలిక్కిపడి లేస్తాడు.

మూడింటికి దాని ఫోను వస్తుంది.
వాడికి అప్పుడే కన్నంటుకుని ఉంటుంది.
దోమని చంపినంత వేగంగా నొక్కేస్తాను.
సాయంత్రం చేద్దాంలే అనుకున్నది
భుజమ్మీది పాలకక్కుతో పాటే ఆరిపోతుంది.

కొత్త స్నేహాలు రాలేదని అనను.
టీకాల వరసలో కలిసిన మస్తాన్‌బీ
వాము వేయించి, మూట కట్టి
పసిబొజ్జకి కాపడం ఎట్టా పెట్టాలో చెప్పింది.
ఆమెకి నా పేరు తెలియదు,
నాకెన్ని కుట్లు పడ్డాయో తెలుసు.
ఎదురు అపార్టుమెంటులో, రాత్రి రెండింటికి,
నాలాగే భుజాన మూటతో తిరిగే ఒకామె ఉంది.
మొన్న చెయ్యి ఎత్తింది. నేనూ ఎత్తాను.
తెల్లారి కూరగాయల బండి దగ్గర పక్కపక్కనే నిలబడి
ఇద్దరం బెండకాయలు ఏరుకుని వచ్చేశాం.

ఒక ఆదివారం
చర్చి నుంచి అట్నుంచటే వచ్చింది కెజియా.
వాడికి మేజోళ్ళు, నాకు బజ్జీ.
"పథ్యమే" అన్నాను.
"ఓహో" అని మొత్తం తనే తింది.
కళ్ళు తుడుచుకుంటూ, కారమంది.

వాడి నిద్ర, వాడి తూకం, వాడి చెవిపోటు,
గంటసేపు నేనే మాట్లాడి
అప్పుడడిగాను, నాన్నగారెట్టా ఉన్నారని.
"ఆపరేషనై నెలయింది. నడుస్తున్నారు."
ఏం ఆపరేషనో కూడా తెలియదు నాకు.
డిగ్రీ పరీక్షలకి మా ఇద్దర్నీ
ఒకే స్కూటరు మీద దించిన మనిషి ఆయన.
"నాకు చెప్పలేదేందే?"
"పడుకున్నావేమోనని."

కోపంగా అని ఉంటే బాగుండేది.
మామూలుగానే అంది,
మడతపెడుతున్న జుబ్బా మీంచి చూపు తిప్పకుండా.
ఇన్నాళ్ళూ దాని మంచితనం
నా మంచం చుట్టూ దోమతెరలాగా దిగి ఉందన్నమాట.
నేను లోపల హాయిగా
ఏమీ వినకుండా.

లేచి వాడికి టోపీ పెట్టాను. పద, అన్నాను.
"మిట్టమధ్యాహ్నం ఎక్కడికే?"
పద.

బ్రిడ్జి పిట్టగోడ కాలిపోతోంది.
చాలాసేపు ఏమీ రాలేదు.
తర్వాత బొగ్గు బండొకటి
అన్నం తిన్న మనిషిలా తాపీగా వచ్చింది.
ఒకటి, రెండు అని మొదలుపెట్టాను.
తొమ్మిది దాకా వచ్చానో లేదో
వాడి టోపీ గాలికి లేచింది.
టోపీ అందుకుని, వాడి మెడ సర్ది, చెవులు మూసి
తల ఎత్తేసరికి
గార్డు పెట్టె మలుపు తిరుగుతోంది.

"ఎన్ని?" అన్నాను.
కెజియా పట్టాల మీంచి కళ్ళు తీయలేదు.
"నాది యాభై ఎనిమిది" అంది.
కాసేపాగి,
"నీది యాభై తొమ్మిది."

వాడు ఏడుపందుకున్నాడు.
ఆ ఏడుపు మీదుగా గొంతు పెంచి
గార్డు పెట్టె సంగతి ఎత్తాను నేను.