పొరుగు

తుర్కులో మూడింటికే చీకటి.
ఆవులిక్కి కటకం కింద
వెయికో ప్రోస్టేట్ ముక్క,
వెంట్రుకలో పదోవంతు మందం లేదు.

అందరూ వంకరపోయిన గ్రంథుల్నే చూస్తారు,
దొంగ అక్కడున్నాడు కదా అని.
ఆమె సందుల్లో వెతుకుతుంది:
నిన్నటిదాకా గోడకట్టి నిలబడ్డ కణాలు
పక్కకి జరిగి దారిచ్చాయి,
పీచు పేనాయి,
నెత్తురుకాలవని ఇటు మళ్లించాయి.
కంచె చేను మేయలేదమ్మా,
కలుపుకి నీళ్లు పెట్టింది.

ముందు ఎవరు ఎవరిని పలకరించారో
స్లైడు చెప్పదు.
ఆమె కూడా రాయదు. గ్రేడు రాస్తుంది, అంతే.

కింద వరండాలో వెయికో,
ఓడలకి అతుకులేసిన చేతులు జేబుల్లో దాచుకుని.
పక్కన ఓస్మో.
ముప్పైయేళ్లు ఒకే మెట్లెక్కినా
వాతావరణం తప్ప మాట్లాడనివాడు
పొద్దున కారులో తీసుకొచ్చి
ఇంకా వెళ్లలేదు.
థర్మోస్ మూత తిప్పుతున్నాడు.