రెండు డిగ్రీలు

ఐదు సిలిండర్లు, వరసగా.
ఎందుకు ఐదు అని అడక్కండి.
నాలుగు అందరూ కడతారు, ఆరు డబ్బున్నవాళ్లు కడతారు,
ఐదులో ఒక కుంటినడక ఉంటుంది, నాకది ఇష్టం.

పగలంతా పరాయివాళ్ల రక్తపోట్లకి మాత్రలు లెక్కపెట్టి
మందుల షాపు షట్టర్ దించి, పదమూడో నంబరు ట్రామెక్కి వచ్చాక
ట్యూరిన్‌లో ఈ నాలుగో అంతస్తు వంటింట్లో
రాత్రి పదింటికి నేను ఇంజనీర్‌ని.
సిలిండర్ వెడల్పు ఎనభై ఒకటి, పిస్టన్ నడక తొంభై రెండున్నర,
మౌస్ కొసన ఇనుము కరుగుతుంది, పోత పోసుకుంటుంది, చల్లారుతుంది.
చెయ్యి కాలదు.
గ్రీజు మరక ఒక్కటీ లేని గోళ్లతో
ఇప్పటికి నలభై మూడు ఇంజిన్లు పేల్చాను.

నలభై నాలుగోదీ అదే దారిలో ఉంది.
గ్రాఫులో పవర్ గీత బుద్ధిగా కొండెక్కుతూ ఎక్కుతూ
నాలుగువేల ఎనిమిది వందల దగ్గర
కొండెక్కిపోతుంది,
దీపాలు కొండెక్కుతాయే, అలా.
పెట్రోలు పాలు పెంచాను, తగ్గించాను,
క్యామ్ షాఫ్ట్ నాలుగుసార్లు మార్చాను,
టర్బోని తిట్టాను.

ఎదురు వాటా ఎర్మెతే గిన్నె పట్టుకుని ఉప్పు కోసం వచ్చాడు.
ముప్పై ఒక్క ఏళ్లు కార్ల ఫ్యాక్టరీ టెస్టు గదుల్లో
ఇంజిన్లని చచ్చేదాకా పరిగెత్తించడం ఆయన ఉద్యోగం.
అవి చచ్చాయి.
పోతూ పోతూ ఆయన చెవులు రెండూ పట్టుకుపోయాయి.
ఇప్పుడు పెదాలు చూసి మాట వింటాడు,
గుబురు మీసాలవాళ్లతో స్నేహం చెయ్యడు.

తెర వైపు చూశాడు, గ్రాఫు వైపు కాదు.
స్పీకర్ని బల్ల మీద బోర్లించమన్నాడు.
ఉప్పు గిన్నె పక్కన పెట్టి, అరచెయ్యి ఆనించి,
"తొక్కు, నీవెస్" అన్నాడు.

తొక్కాను, అంటే మీట నొక్కాను.
మూడువేలు. కళ్లు మూసుకున్నాడు.
నాలుగువేలు. బొటనవేలు కదిలింది.
నాలుగువేల ఎనిమిది వందలకి
కాలిన పెనం తగిలినట్టు చెయ్యి లాగేసుకున్నాడు.
"కొడుతోంది. మూడో సిలిండర్.
పిస్టన్ పాపం ఇంకా మెట్లెక్కుతుంటే
నువ్వు మంట ముందే అంటించి మొహాన తలుపేస్తున్నావు.
రెండు డిగ్రీలు వెనక్కి జరుపు."

రెండు డిగ్రీలంటే పదకొండు గుర్రాలు పోతాయి అన్నాను,
పెదాలు బాగా కనబడేలా, కొంచెం కోపంగా.

"పోనీ. మిగతావి ఇల్లు చేరతాయి."

జరిపాను.
గీత ఆ గండం దాటింది, ఐదువేలు, ఐదున్నర,
ఆరువేల దగ్గర నడుం వంచి, పెద్దమనిషిలా కిందికి దిగింది.
గంటసేపు నడిపినా పేలలేదు.
పెట్రోలు ఎంతకి కొంటున్నావని అడిగాడు.
ఇక్కడ ఉచితం అన్నాను.
ఈ మధ్య కాలంలో ఎవరూ అంతసేపు నవ్వగా చూళ్లేదు.

ఆయన వెళ్లాక కంప్యూటర్ ఆపేశాను.
ఏదో తోచి బల్ల మీద చెయ్యి పెట్టాను.
వణుకుతోంది.
స్పీకర్ తీగ ఊడబెరికాను.
ఇంకా వణుకుతోంది,
గుడుగుడుమని, ఒకచోట తడబడి, మళ్లీ గుడుగుడుమని.
మూడో అంతస్తులో క్లేలియా గారి వాషింగ్ మెషిన్,
రాత్రిపూట కరెంటు చవకని ఇప్పుడే వేస్తుంది.

మరి ఆయన పట్టుకున్న నాడి ఎవరిది?
ఆ రెండు డిగ్రీలూ ఏ ఏడాది, ఏ గదిలో,
ఏ ఇంజిన్‌కి చెప్పాలనుకుని ఆగిపోయినవి?
మరి నాది ఎందుకు పేలలేదు?

అడగను.
ఇంజిన్‌కి పేరు పెట్టమని ఆట రోజూ అడుగుతోంది,
దానికీ ఇంకా ఏం చెప్పలేదు.

ఉప్పు గిన్నె ఇక్కడే మర్చిపోయాడు, నింపింది నింపినట్టే.
ఆ రాత్రి దీపం తీసేముందు చూశాను,
గిన్నెలో ఉప్పు గల్లు గల్లునా
ఒక పక్కకి జరుగుతోంది.