చవకగా ఒక అగ్నిపర్వతం

గుంతకల్లు స్టేషను రోడ్డులో మా ప్రెస్సు.
ఆ బుధవారం మేం కొట్టిన కరపత్రం:
"అగ్నిపర్వత ద్వీపం! ప్రకృతి ఒడిలో నాలుగు రోజులు!
అతి చవక! తలకు నలభై రెండు వేలే!"

ప్రూఫు చూసేది నేను.
"చవక" కింద ఎర్ర పెన్నుతో గీత గీసి
అట్లే చూస్తా కూచున్నా.
అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.
తప్పు యాడుందో పట్టుకోలేకపోయినా.

కట్టింగు మిషను కాడ కాశీంబీ
బొమ్మను వెలుతురుకు ఎత్తి పట్టింది.
నీలం నీళ్ళు, నల్ల కొండ,
కొండ నెత్తిన ఇంత పొగ.
"మా అత్త పొయ్యి మాదిరే ఉంది గదక్కా.
దీనికి నలభై రెండు వేలా?"

శనివారం రాత్రి తొలకరి పడింది.
తొలకరి పడితే మా పక్క
విత్తనం కంటే ముందు ఆశ మొలుస్తుంది.
తెల్లారేసరికి బస్టాండు నిండా
సద్దిమూటలు, గొడుగులు, తలపాగాలు.
అందరిదీ ఒకటే ఊరు, వజ్రకరూరు.
"పోదాం పా" అనింది కాశీంబీ.
"వజ్రాలకు కాదు. ఊరికే.
నేనెప్పుడన్నా ఊరికే యాడికన్నా పోయినానా?"

బిల్లు పుస్తకం వెనక రాసి పెట్టిన ఖర్చు:
బస్సు, ఆడోళ్ళకు సున్నా.
ఉగ్గాని బజ్జీ రెండు ప్లేట్లు, ఎనభై.
మజ్జిగ, ఇరవై.
కాశీంబీ కొన్న పిన్నీసుల అట్ట, పది.
అది ఏ పద్దులో రాయాలో తెలియలేదు.

చేన్ల నిండా వంగిన వీపులు.
టీ క్యాను మోసుకు తిరిగే చౌడప్ప
ఒకప్పుడు సర్వే సార్ల కాడ గుంతలు తవ్వినోడు.
కాలి బొటనవేలితో నేల మీద గీత గీసినాడు.
"ఎర్ర మన్ను ఇంతవరకే."
గీతకు అవతల మన్ను వేరే.
బూడిద కాదు, నలుపు కాదు,
ఉతికి ఉతికి వెలిసిన నీలం చీర.

"ఇది కొండ గొంతు, తల్లీ.
వంద కోట్ల ఏండ్ల కిందట
భూమి ఈడ్నించే కేకేసిందంట.
కొండ అరిగిపాయ. గొంతు మిగిలుండాది.
సార్లు చెప్పుకుంటాంటే
గుంతలో నుంచి ఇన్నా."

కాశీంబీ చెప్పులిడిచింది,
దర్గా గడప కాడ ఇడిచినట్లు.
"కాలుతుందేమో అనుకుంటి" అని నవ్వింది.
చల్లగా ఉంది. రాత్రి వాన తడి.

నాలుగు దిక్కులా ఎర్రటి దుక్కి,
సాలు మీద సాలు, ఒడ్డుకొచ్చి ఆగినట్లు.
నడుమ ఈ నీలి మన్ను.
దీవికి నీళ్ళే ఉండాలని ఎవరన్నారు?

అంతమంది వంగినోళ్ళలో
మేమిద్దరమే నిటారుగా ఉన్నాం.
"ఏమ్మా, దొరికిందా యేంది, లేచి నిలబడినారు?"
"ఆ" అనింది కాశీంబీ.
చేను చేనంతా మా పక్క తిరిగింది.
పిడికిలి తెరిస్తే
చింతగింజంత రాయి, పాచి రంగుది.
చౌడప్ప తిప్పి తిప్పి చూసి
"ఉత్తదే తల్లీ" అన్నాడు.

"ఉత్తదే" అని ఆమె
సంబరంగా కొంగున ముడేసుకుంది.
"మంచిదైతే మా ఆయనదో, సేటుదో అయిపోవు."

పదకొండేండ్లుగా పక్కపక్కన పని.
ఆమె గొంతు పెంచగా నేను వినలేదు.
పొద్దు వాలేటప్పుడు గట్టు మీద నుంచి లేచి
చేన్ల మీదికి ఒక కేక వేసింది.
పేరు కాదు, పిలుపు కాదు.
మేసే బర్రె తలెత్తి చూసి
మళ్ళీ మేసుకుంది.

సోమవారం కరపత్రమాయన వచ్చినాడు.
రేటు తగ్గిందంట, ముప్పై తొమ్మిది వేలే.
మార్చినా.
"అతి చవక" కాడ పెన్ను కొంచెం ఆగింది.
ఫ్యాను గాలికి ఎగరకుండా
ద్వీపాల కట్ట మీద
చింతగింజంత రాయి పెట్టింది కాశీంబీ.
దాని బరువు చాలదు.
పై కాగితం అంచు
లేచి, పడి, మళ్ళీ లేస్తోంది.