పడమటి గోడ

నేను ఇళ్ళలోకి వెళ్ళను.
గేటు పక్కనో మెట్ల కిందో
మీటరు దగ్గరే నా పని అయిపోతుంది.
పదకొండేళ్ళయింది,
అంబాజీపేటలో ఏ ఇంటికైనా
పైచర్మం చూసి జ్వరం ఎంతో చెప్పేస్తాను.

మే నెల. మధ్యాహ్నం మూడు.
కాలవ మీది గాలి కూడా
పిండని తడిగుడ్డలా మీద పడుతోంది.
సెంటర్లో కొత్త బట్టల కొట్టు
నెత్తి నుంచి పాదం దాకా నీలం అద్దం తొడుక్కుని
పడమటికి తిరిగి నిలబడింది.
సూర్యుడు అందులో మొహం చూసుకుంటున్నాడనుకుంటారు జనం.
లోపలికి దూరి బాసింపట్టు వేశాడని
నా చేతిలో బిల్లు మిషనుకి తెలుసు.
ఆయన్ని మెడపట్టి గెంటడానికి
మేడ మీద ఆరు ఏసీలు
కొట్టు కట్టేసేదాకా రొప్పుతాయి.

పక్క సందులో పెచ్చెట్టి వీరవేణి.
రెండు గదుల డాబా, నాలుగంగుళాల గోడ,
కుట్టుమిషను, ఒక సెకండ్‌హాండ్ ఏసీ.
కిందటేడు ఇదే నెల బిల్లు చేతికిస్తే
"ఇంత కరెంటు ఎవరు తిన్నారండీ?" అంది,
నేనే తిన్నట్టు.
"స్లాబు మారిందమ్మా" అన్నాను.
ఆవిడ తలెత్తి పైకప్పు కేసి చూసింది.

నేను చెప్పింది యూనిట్ల స్లాబు.
ఆవిడ విన్నది నెత్తిమీది స్లాబు,
పగలంతా ఎండ తాగి
రాత్రంతా మంచాల మీదికి కక్కేది.
ఇద్దరిలో సరిగ్గా విన్నది ఆవిడే.

ఈ ఏడు వెళ్ళేసరికి
డాబా మీద మూడు పూతల సున్నం, కళ్ళు విప్పనివ్వదు.
పడమటి గోడకి జానెడు ఎడంగా వెదురు తడిక,
తడిక నిండా పీచు మిల్లులో అంచు చెడిన చాపలు.
ఆ జానెడు సందులో
గాలి కింద దూరి పైకి పోతోంది,
నా చొక్కా అంచు లాగుతూ.

ఎవరూ చూడకుండా గోడ మీద చెయ్యి పెట్టాను.
మీటర్లు తప్ప
ఇన్నేళ్ళలో ఒక ఇంటిని ముట్టుకోలేదు.
జ్వరం లేదు.

మిషను చీటీ కక్కింది.
కిందటేడు మూడొందల పన్నెండు, ఇప్పుడు నూట తొంభై.
రెండుసార్లు నొక్కి చూశాను.
"పదకొండింటికే ఆపేస్తున్నామండీ, ఆయ్,
తర్వాత ఫ్యానే" అంది వీరవేణి,
దారం కొరుకుతూ.

చీటీ ఇచ్చేశాను. సైకిలు స్టాండు తీశాను.
మళ్ళీ వేశాను.
"చాప ఎంత పడిందండీ?"

మేముండేది అద్దె వాటా, పై అంతస్తు.
మా గోడా పడమరే.