పుదుపేటలో కొన్న ఖాళీ

ఎనభై నాలుగు మోడలు జీపు.
గిండీ వేలంలో నలుగురూ నవ్వుతుంటే పాడుకున్నాను.
దాన్ని నడపడం ఎవరికైనా వచ్చు,
ఆపడం నాకొక్కడికే వచ్చు.
అదీ నా గొప్ప.

బ్రేకు తొక్కాలంటే బలం తుంటి నుంచి రావాలి.
వీపు సీటుకి దన్ను పెట్టి, పళ్ళు బిగబట్టి.
పెరంబూరు నుంచి ప్యారిస్ దాకా సిగ్నళ్ళన్నీ తొక్కుకుంటూ వెళ్తే
దిగేసరికి కుడి పిక్క రాయి.
వీధిలో కుర్రాళ్ళు తాళాలడిగితే
"మీ కాలు చాలదురా" అనేవాణ్ణి.
మంజులతకీ అదే మాట,
కాస్త మర్యాదగా.

ఆ రాత్రి నా కిడ్నీలో రాయి కదిలింది.
వాన. ఒక్క ఆటో రాలేదు.
తాళాలు తనే తీసుకుంది.
పక్క సీట్లో మెలికలు తిరుగుతూ
నేను గేర్లు చెబుతున్నాను, తిట్లు కలిపి.

బేసిన్ బ్రిడ్జి దిగుడులో
ముందున్న పాలవ్యాను ఆగింది.
తను తొక్కింది.
జీపు వినిపించుకోలేదు.
అప్పుడు లేచి నిలబడింది
రెండు కాళ్ళూ ఒక్క పెడల్ మీద,
నలభై ఆరు కిలోల మనిషి,
తల టార్పాలిన్‌కి తగులుతుంటే
నూతిలోంచి నిండు బొక్కెన చేదినట్టు
స్టీరింగుని తనవైపు లాక్కుంటూ.

జానెడు మిగిలింది.
పాల ట్రేల మీద వాన పడే చప్పుడు
ఇద్దరం విన్నాం.
తనేమీ అనలేదు.
ఆసుపత్రిలో నర్సు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి
"పేషెంటు ఎవరు?" అంది.
మంజులత మోకాళ్ళు అట్లా కొట్టుకుంటున్నాయి.

నడవగలిగిన మొదటి ఆదివారం పుదుపేట వెళ్ళాను.
కూవం కంపూ గ్రీజు వాసనా కలిసే సందులో
నాగూర్ మీరాన్ కొట్టు.
ఎక్కడో నుజ్జయిన బొలేరోది, బూస్టరు:
మూకుడు మీద మూకుడు బోర్లించినట్టు
నల్లటి డబ్బా.
వేలితో తట్టాను. బోలు చప్పుడు.
"లోపలేముంది భాయ్?"
"ఒణ్ణుమిల్ల సార్," నవ్వాడు,
"ఏమీ లేకపోవడానికే మూడున్నర వేలు."

వ్యాసర్పాడిలో జంబులింగం
రేకు కోసి, బ్రాకెట్టు వెల్డు చేసి,
డీజిలింజనుకి పీల్పు చాలదని
వెనక పంపున్న ఆల్టర్నేటరు కట్టాడు.
బీడీ ఆర్పి చెప్పాడు:
డబ్బా నడుమ రబ్బరు పొర.
రెండు వైపులా గాలి పంపు తాగేస్తుంది.
కాలు ఆనగానే వెనక తలుపు తెరుచుకుంటుంది.
బయటి గాలి వచ్చి తోస్తుంది.
తొక్కేది అదే సార్, మీరు కాదు.

బయటి గాలంటే
ఈ వీధి గాలే. లారీ పొగ,
ఎదురింటి ఎండుచేపల వేపుడు.
ఇన్నాళ్ళూ ఊరికే నా పక్కనే ఉంది.
పిలవచ్చని నాకెవరూ చెప్పలేదు,
నేనూ అడిగేవాణ్ణి కాదనుకోండి.

పైపుల్లో గాలి తీసే పని మిగిలింది.
పెడల్ మీద మంజులత,
చక్రం కింద సీసాతో జంబులింగం,
టార్చి పట్టుకుని నేను.
"అముక్కు" అంటే తొక్కుతుంది,
"పిడి" అంటే పట్టి ఉంచుతుంది,
"విడు" అంటే వదులుతుంది.
గొట్టంలో బుడగలు
ఒకటి, రెండు, చాలాసేపటికి ఇంకొకటి.
ఆఖరి చక్రం దగ్గర నన్నొదిలేసి
వాళ్ళిద్దరే మాట్లాడుకుంటున్నారు.

ముందు నేనే ఎక్కాను.
పాత అలవాటున తుంటి నుంచి తొక్కాను.
జీపు మేకు కొట్టినట్టు నిలిచింది.
జంబులింగం నుదురు అద్దానికి,
క్యారియర్లో సాంబారు గేరురాడ్డు మీదకి.
"అది బ్రేకు సార్," అన్నాడు తడుముకుంటూ,
"పగవాడి పీక కాదు."

తను చెప్పు విడిచి ఎక్కింది.
మునివేళ్ళు ఆనించిందంతే.
రోడ్డు మధ్య పడుకున్న కుక్క
తల కూడా ఎత్తలేదు.

ఇప్పుడు ఎక్కువగా తనే నడుపుతుంది.
బేసిన్ బ్రిడ్జి దిగుడు వచ్చిందంటే
నా కుడికాలు తనంతట తనే లేచి
పక్క సీటు ముందున్న ఉత్త రేకుని
బలమంతా పెట్టి తొక్కుతుంది.
అక్కడ ఇప్పటికే ఒక సొట్ట.
రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే మంజులత,
అచ్చం జంబులింగం గొంతుతో,
"విడు," అంటుంది.